బీ సైడు చివరి పాట

పాత పాట ఏదైనా చెవిన పడితే అందరికీ హీరో హీరోయిన్లు గుర్తుకొస్తారు. నాకు ఆ పాట నా దగ్గర క్యాసెట్‌లో ఎక్కించుకుపోయిన మనిషి గుర్తుకొస్తాడు. మొన్న కామారెడ్డి బస్టాండు ముందర చాయ్ తాగుతుంటే హోటల్‌వాడి ఫోన్‌లో ఒక వానపాట మొదలైంది. వెంటనే దోమకొండ పోస్ట్‌మాన్ ఒకాయన సైకిల్ దిగి నా ముందర నిలబడ్డాడు. ఎనభై ఏడులో ఆ ఒక్క పాటనే సైడు నిండా ఆరుసార్లు ఎక్కించుకుపోయిన మహానుభావుడు. "వేరే పాట వద్దా?" అంటే, "వద్దన్నా, ఇదొక్కటి సాలు, మాటిమాటికి ఎనక్కి తిప్పే పనుండదు" అన్నాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. వానపాట అయ్యేదాకా ఆయన అలాగే నిలబడ్డాడు, అయ్యాక సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఇటు చూస్తే నా చాయ్ చల్లారిపోయింది.

నా పేరు ఆశన్న. ఎనభై నాలుగు నుంచి పదిహేడేళ్లు స్టేషన్ రోడ్డులో రికార్డింగ్ దుకాణం నడిపాను. ఇప్పుడు అదే మడిగెలో మా వాడు ఫోన్ కవర్లు అమ్ముతాడు. నేను వెనక స్టూలు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ల మీద చిరాకు పడుతుంటాను. నా నోరు మంచిది కాదని మా ఇంట్లో అందరూ అంటారు, నేనూ కాదనను.

ఆ రోజుల్లో జనం పాటల చిట్టీ రాసుకుని వచ్చేవాళ్లు. సిగరెట్ డబ్బా అట్ట మీద, బడిపిల్లల నోట్‌బుక్ కాగితం మీద, అరచేతి మీద కూడా. చిట్టీ చూస్తే మనిషి కడుపులో ఏముందో తెలిసిపోయేది. మా పక్కనున్న రాజంపేట నుంచి ఒక పెద్దమనిషి వచ్చేవాడు. మీసాలు చూస్తే భయం వేసేది, చిట్టీ చూస్తే అన్నీ జోలపాటలు. పిల్లల్లేరు ఆయనకు.  ఇద్దరం కలిసి జోలపాటలు వినేవాళ్లం, తరువాత క్యాసెట్ చేతికిచ్చి పంపేవాణ్ని. నా అంతటి నోటిదురుసువాడు కూడా కొన్ని చిట్టీల ముందర నోరు మూసుకున్నాడు.

నాకొక పట్టింపు ఉండేది. పాటను మధ్యలో కోయను. సైడుకు ముప్పై నిమిషాలు. అడిగిన పాటలు అయ్యాక మూడు నిమిషాలు మిగిలితే, మూడు నిమిషాల్లో పట్టే పాట వెతికి నా తరఫున ఎక్కించేవాణ్ని. అది వాళ్ల చిట్టీలో ఉండేది కాదు. ఒక్కోసారి భక్తి పాటల వెనక డాన్సు పాట పడేది. తిట్టినవాళ్లున్నారు. పట్టించుకోలేదు.

ఇంకొక సంగతి చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని మీదే ఉంది. మా వైపు ఇంటికొక మనిషి దుబాయో మస్కటో పోయిన కాలం అది. రాయడం రానివాళ్లు, రాసినా ఇంట్లో చదివేవాళ్లు లేనివాళ్లు క్యాసెట్‌లో మాట్లాడి, సెలవు మీద వచ్చే మనిషి చేతికిచ్చి పంపేవాళ్లు. ఇంటిల్లిపాదీ టేప్‌రికార్డర్ చుట్టూ కూర్చుని వినేవాళ్లు, ఏడ్చేవాళ్లు, నవ్వేవాళ్లు. విన్నాక ఆ క్యాసెట్ నా దగ్గరికి వచ్చేది. జపాన్ క్యాసెట్, గట్టి సరుకు, కామారెడ్డి బజారులో దొరికేది కాదు. "మాటలు ఇన్నం గని, పాటలు నింపన్నా" అనేవాళ్లు. నేను రెండు మీటలు కలిపి నొక్కేవాణ్ని. మాట పోయి పాట వచ్చేది. పదిహేడేళ్లలో ఎంతమంది మాటల మీద పాటలు పోశానో నాకే తెలియదు. అప్పట్లో అందులో తప్పేముందని కూడా అనిపించలేదు.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం, ముసురు పట్టిన రోజు, ఒకామె తడిసిన గొడుగు దులుపుతూ దుకాణంలోకి వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. కవర్ల వైపు చూడకుండా నేరుగా నా స్టూలు దగ్గరికే వచ్చింది.

"ఆశన్న కాకవు నువ్వేనా?"

"నేనే. ఫోన్ కవరయితే మావోణ్ని అడుగు."

"కవరు కాదు కాకా. ఇది సూడు."

సంచిలోంచి ఒక జాకెట్ ముక్క తీసి విప్పింది. లోపల క్యాసెట్. పైన కాగితం పచ్చబడింది కానీ రాత నాదే. 'రాజమణి, ఎల్లారెడ్డి' అని ఉంది. ముప్పై ఏళ్ల కిందటి నా రాత నాకంటే బాగుంది.

"దీని మీది పాటలు తీసేస్తే, కింద ఉన్న మాటలు వస్తయా కాకా?"

నాకు తిక్క రేగింది. "ఇదేమన్న గోడకేసిన సున్నమా బిడ్డా, గోకితే కింది రంగు కనవడనీకి? ఎవడు చెప్పిండు నీకు?"

ఆమె ఏమీ అనుకోలేదు. ఎదురుగా ఉన్న డబ్బా మీద కూర్చుని, చీర కొంగుతో ముఖం తుడుచుకుని, నెమ్మదిగా చెప్పింది. పేరు సాయిలత. ఎల్లారెడ్డిలో అంగన్‌వాడీ టీచరు. తండ్రి గంగారాం, ఆమె కడుపులో ఉండగానే మస్కటు పోయాడు. ఆమెకు ఏడాదిన్నర వయసప్పుడు ఆయన అక్కడ నిద్రలోనే పోయాడు. పెట్టెలో శవం వచ్చింది. ఆయన ఆమెను చూడలేదు, ఆమె ఆయనను చూడలేదు.

"ఫోటోలున్నయి కాకా, రెండు. నవ్వుకుంట ఉన్నడు. ఎట్ల నవ్వుతడో దెలిసింది గని, ఎట్ల పిలుస్తడో తెల్వది."

ఆ మాటకు నేను కవర్ల వైపు చూశాను.

ఆరు రోజుల కిందట వాళ్లాయన ఫోన్‌లో పాత పాటలు పెట్టాడట. వాళ్లమ్మ రాజమణి పక్కనే బీడీలు చేస్తోంది. ఒక క్లబ్బు పాట వచ్చింది. డప్పులు, ఈలలు, గ్లాసుల చప్పుడు. రాజమణి కత్తెర కింద పెట్టి కళ్లు మూసుకుంది. ఆమెకు ఆ పాటంటే ప్రాణమని ఇంట్లో అందరికీ తెలుసు. చిన్నప్పటి నుంచీ అంతే. పాట అయిపోగానే ఆమె చేయి ముందుకు వచ్చి, తంబాకు చేట అంచును వేలితో గట్టిగా నొక్కింది. టేప్‌రికార్డర్ పాడైపోయి పదిహేనేళ్లయినా చేతికి ఆ అలవాటు పోలేదు. అందరూ నవ్వారు. మేనత్త సాలవ్వ మాత్రం నవ్వలేదు. "నొక్కు, నొక్కు. మా తమ్ముని మాటల మీద పాటలు నింపిచ్చినదానివి, నీకు పాటలే గావాలె" అన్నది.

"గప్పుడు తెలిసింది కాకా. ఈ క్యాసెట్ మా బాపు ఆఖరుసారి పంపింది. మా అమ్మ దాని మీద పాటలు నింపిచ్చింది. పాటలు యాడ దొరకయి? బాపు మాట యాడ దొరుకుతది? ఆరు దినాలాయె, నేను అమ్మతోని మాట్లాడలే."

నేను క్యాసెట్ తిప్పి చూశాను. చెప్పక తప్పదు. "కింద ఏం లేదు బిడ్డా. పాట ఎక్కినకాడ మాట చెరిగిపోతది. మల్ల రాదు. మీ అమ్మ కాదు, చెరిపింది నేను. ఈ చేతితోనే."

ఆమె తలూపింది. జాకెట్ ముక్కలో క్యాసెట్ మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది. తొందర లేదు, ఏడుపు లేదు. పిల్లను పడుకోబెట్టి దుప్పటి కప్పుతున్నంత మెల్లగా చుట్టింది. 

అప్పుడు గుర్తొచ్చింది. "ఆగు బిడ్డా. బీ సైడు చివరి పాట అయినంక ఏమొస్తది?"

"ఏం రాదు. అమ్మ బంద్ చేస్తది."

"ఎంతసేపటికి?"

"పాట అయిపోంగనే. ఆఖరు సరణం నుంచే మీట మీద ఏలు పెట్టుకొని కూసుంటది. మేం ముట్టేది లేకుండె. సెల్లులు ఖర్చయితయని అనుకునేటోళ్లం."

నేను స్టూలు మీద నుంచి లేచాను. పాట ఎక్కినంత మేరే పాత మాట చెరుగుతుంది. చివరి పాట అయ్యాక సైడు చివర అరనిమిషమో నిమిషమో మిగులుతుంది. ఆ తోకముక్కను నేను ముట్టేవాణ్ని కాదు, పనికిరాని చోటు కదా అని. దాని వల్ల తిట్లు కూడా తిన్నాను. పెళ్లిలో మైకు పెట్టి పాటలు వేసిన ఒకాయనకు, పాటలన్నీ అయ్యాక వాళ్ల బావ గొంతు వచ్చి "బర్రె ఈనిందా?" అని పందిరంతా వినపడేలా అడిగిందట. ఆయన మర్నాడే వచ్చి నా దుకాణంలో కొట్లాట పెట్టుకున్నాడు. కొందరు అలా గొడవ చేశాక, ఎప్పుడన్నా ఓపికుంటే తోక కూడా చెరిపేవాణ్ని. ఈ క్యాసెట్‌కు చెరిపానో లేదో నాకు గుర్తు లేదు. ఆ మాట మాత్రం ఆమెతో అనలేదు.

స్పీకర్లున్న నా పాత టేపు డెక్కు పై అరలో, కవర్ల పెట్టెల వెనక తువాలు చుట్టి ఉంటుంది. నెలకొకసారి దించి తుడిచి నూనె చుక్క వేస్తాను. ఎందుకని మా వాడు అడుగుతాడు, నేను కసురుతాను. ఆ రోజు దించి, బీ సైడు పైకి పెట్టి మీట నొక్కాను.

పాటలు మొదలయ్యాయి. బయట ముసురు, లోపల పాట. ట్యూబ్‌లైటు వెలుతురు పలచబడి, గోడల మీది ఫోన్ కవర్లు ఒక్కొక్కటే కనబడకుండా పోయి, వాటి చోట నా క్యాసెట్ల వరసలు నిలబడ్డట్టు అనిపించింది. కౌంటరు అవతల మనుషులు. ఒకామె చంకలో పిల్ల, చేతిలో చిట్టీ. ఎల్లారెడ్డి బస్సు పోతుందేమోనని మాటిమాటికీ బయటికి చూస్తోంది. ఆమె రాజమణేనా, వేరే ఎవరో? అలా ఎంతమంది నిలబడలేదు గనక. ఒక్కొక్క పాట వస్తుంటే ఒక్కొక్కరు ముందుకు వచ్చి, చేయి చాపి, తమ క్యాసెట్ తీసుకుని వెనక్కి జరిగిపోతున్నారు. వాళ్లెవరి ముఖంలోనూ ఈ ముప్పై ఏళ్ల జాడ లేదు. చెరిపినందుకు ఎవరూ నన్ను ఏమీ అనడం లేదు. అదే కష్టంగా ఉంది.

అయిదో పాట అయింది. ఆరోది డప్పులతో మొదలయ్యేసరికి ఉలిక్కిపడ్డాను. ఇది నా పాట. చిట్టీలో లేనిది. మూడు నిమిషాల ఇరవై సెకన్ల ఖాళీలో నేను కుక్కిన క్లబ్బు పాట.

సాయిలత కళ్లు మూసుకుంది. "మా ఇంట్ల ఇది దేవుని పాట లెక్కనే కాకా. ఇది వస్తుంటే ఎవలం మాట్లాడకపోయేటోళ్లం. బడిల ఒక పిల్ల ఇది క్లబ్బు పాట అన్నదని దాని జడ పట్టి గుంజిన."

ఈలలు వచ్చాయి, గ్లాసులు మోగాయి. చివరి చరణం వచ్చింది. పాట సన్నబడి ఆగింది. టక్కున చప్పుడైంది. చూస్తే సాయిలత వేలు మీట మీద ఉంది.

"ఏంది బిడ్డా గిది! ఇప్పుడే గదా వచ్చేది!" అని అరిచాను. మా వాడు అటు నుంచి తొంగి చూశాడు.

ఆమె తన వేలి వైపే చూసుకుంటోంది. "నేను నొక్కలే కాకా. అదే పోయింది." వేలు వెనక్కి తీసుకుని, "అమ్మ లేకుండ వద్దు" అంది. "ఎందుకు బంద్ చేస్తదో ఆమెకే ఎరుక. ఆమెను అడిగినంకనే మిగిలింది ఇంట."

"మీ ఇంట్ల టేప్‌రికార్డర్ లేదంటివి."

ఆమె నా వైపు చూసింది. అడిగి ఉంటే విసుక్కుని కాదనేవాణ్నేమో. డెక్కుకు తువాలు చుట్టాను.

బస్సులో డెక్కును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కండక్టర్ దానికి కూడా టికెట్ కొడతాడేమోనని చూశాను, కొట్టలేదు. ఊరు దాటగానే రెండు వైపులా కొత్తగా నాటిన వరి, నీళ్లలో మబ్బు. ఆ దారిలో నాకు ఊళ్ల పేర్లు గుర్తుండవు. ఇక్కడ చెట్టు కింద ఎక్కే మాస్టారుకు విషాదగీతాలు కావాలి, అక్కడ మలుపులో దిగే మేస్త్రీకి అన్నీ పెళ్లిపాటలు. సగం దారి దాటాక బస్సు ఊరూరా కాక పాటపాటకూ ఆగుతున్నట్టు అనిపించింది. నిద్రలోకి జారుతున్నానో, పాటలోకి జారుతున్నానో తెలియలేదు. పక్కన సాయిలత క్యాసెట్‌ను రెండు చేతులతో పట్టుకుని ఉంది. తోక ఖాళీగా ఉంటే ఈ పిల్ల ముఖం ఎలా చూడాలి? మూడుసార్లు చెబుదామనుకున్నాను. మూడుసార్లూ నోరు రాలేదు.

రాజమణి ఇంటి వసారాలో గోడకు ఆనుకుని బీడీలు చుడుతోంది. ఒళ్లో చేట, చేటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. యాభై ఏడేళ్లుంటాయి. బిడ్డను చూసింది, నన్ను చూసింది, తువాలు చుట్టిన డెక్కును చూసింది.

"ఆశన్నవు గదా? నెత్తి మొత్తం తెల్లగైంది."

"గుర్తున్ననా చెల్లె?"

"గుర్తుండకేమాయె. కూసో."

సాయిలత కూర్చోలేదు. ఆరు రోజుల తరువాత తల్లితో మొదటి మాట అదే. "అమ్మా, దీంట్ల బాపు మాట ఉన్నదా?"

రాజమణి చేతిలోని బీడీకి దారం చుట్టి, మూతి మడిచి, పక్కన పెట్టింది. "ఉన్నది. ఆఖరుకు, జరంత."

నా గుండె కుదుటపడింది. సాయిలతకు మాత్రం కోపం పొంగింది. "ఉండంగనే నాకు ఇనిపియ్యలేదా! ముప్పై అయిదేండ్లు!"

"నువ్వు ఎన్నడు అడగలే."

"బాపు పేరెత్తితే నువ్వు ఏడుస్తవని అడగలే."

"నేను ఏడిస్తే నువ్వు బెంగటిల్లుతవని నేనూ ఎత్తలే."

మధ్యలో నేను, ఎక్కడ చూడాలో తెలియక తునికాకు వైపు చూస్తున్నాను.

"నువ్వొక్కదానివే ఇనుకుంటుంటివా మరి? మేం లేనప్పుడు?" సాయిలత అడిగింది.

"లేదు బిడ్డా. పాటలు నింపినంక ఒక్కసారే ఇన్న. పెట్టె వచ్చిన పదకొండో దినం. మల్ల ఇనలే."

"ఎందుకు?"

రాజమణి నన్ను చూపించింది. కోపంగా కాదు, పొరుగింటివాణ్ని చూపించినట్టు మామూలుగానే. "ఈ అన్న చెప్పిండు గదా. క్యాసెట్ చేతికిచ్చుకుంట, ఊకె తిప్పకు చెల్లె, తిప్పిన కొద్ది అరుగుతది అన్నడు. పాటలు అరిగితే అరగనీ అనుకున్న. గా ముక్క అరిగితే నీకు మల్ల యాడికెళ్లి తేవాలె? నువ్వు పెద్దదానివై అడిగేనాటికి ఉండాలె గదా అని, ఆడిదాక పోంగనే బంద్ చేసేదాన్ని."

నేను అన్నానా? అనే ఉంటాను. అందరితో అనేవాణ్ని. క్యాసెట్ చేతికి ఇచ్చేటప్పుడు డాక్టరు మందిచ్చినట్టు ముఖం పెట్టి ఆ మాట అనడం నాకొక దర్జా. మంచి క్యాసెట్ అలా అరగదని నాకు తెలుసు. విన్నవాళ్లు బయటికి పోగానే మరిచిపోయేవాళ్లు, ఇంటికి పోయి వందసార్లు తిప్పుకునేవాళ్లు. ఈమె ఒక్కతే నమ్మింది. నా నోరు పడిపోను అని మనసులో తిట్టుకున్నాను, ఆ తిట్టు కూడా చాలలేదు.

"చెల్లె, అది అరగదు. నేను ఊకెనే అన్న. అందరికి అనేటోణ్ని."

"ఊకెనే అన్నవా?" అంది రాజమణి.

"ఊకెనే అన్న."

తిట్టి ఉంటే బాగుండేది. చేట పక్కకు జరిపి, చీరకు అంటిన తంబాకు దులుపుకుంది. "పోనీ అన్న. గట్లనన్న మిగిలింది."

సాయిలత తల్లి పక్కన చతికిలబడింది. "మరి గా క్లబ్బు పాట? నీకు పానం గదా అని..."

"గా పాటనా?" రాజమణి ముఖం చిట్లించింది. "థూ! నాకు జరన్న నచ్చదు. నేను రాసిచ్చిన చిట్టీల లేదది, ఈ అన్ననే ఎక్కిచ్చిండు. నేనడిగిన అయిదు పాటలు మంచియి, అయి ఒక్కటి యాదికి లేవు. గిది గంగలో కలవ, గిదొక్కటే యాదికున్నది. గిది అయిపోతే ఆయన ఉంటడు. యాడ ఇన్నా, పెండ్లిల ఇన్నా బస్సుల ఇన్నా, ఇగ ఆయన మాట్లాడుతడు అన్నట్టే ఉంటది నాకు."

నేను డెక్కు తీగను గోడకు తగిలించాను. క్లబ్బు పాట మధ్యలోకి తిప్పి పెట్టాను. వసారా ముందర ముసురు ఆగింది కానీ చూరు నుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి. డప్పులు, ఈలలు. ఇద్దరూ ఒకేలా కళ్లు మూసుకున్నారు. నేను ఎంత చెత్త పాటను ఎక్కించానో అప్పుడే మొదటిసారి సరిగ్గా విన్నాను. వింటూ ఉంటే అది చెత్తగా అనిపించలేదు. ఎవరో తలుపు దాకా వచ్చి, చెప్పులు విడుస్తున్న చప్పుడులా ఉంది.

చివరి చరణం. రాజమణి చేయి లేచింది. సాయిలత ఆ చేతిని గాలిలోనే పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుంది. పాట ఆగింది. గరగర. ఆ గరగర ఎంతకూ తెగలేదు. తరువాత హఠాత్తుగా, మాట మధ్యలో నుంచి, ఒక మగగొంతు.

"...గంతే మరి. చక్రం సన్నగైంది, క్యాసెట్ అయిపోవస్తున్నది. సాయీ... ఓ సాయమ్మా... ఇటు రా, ఇటు రా బిడ్డా. నడుస్తున్నదట గదా, చెప్పిండ్రు. పడనియ్యకుండ్రి. రాజమణీ, దీంట్ల పాటలు నింపిచ్చుకో. జపాన్ క్యాసెట్, మస్తుంటది. బీడీలు చేసుకుంట ఇను, యాష్ట రాదు, పొద్దు పోతది. నా మాటలకేముంది, వచ్చే క్యాసెట్ల మల్ల మాట్లాడుత—"

డెక్కు టక్కున ఆగింది. సైడు అయిపోయింది.

సాయిలత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. "సాయమ్మా అన్నడు" అంది, నాతోనో తనతోనో. నేను తలూపాను. నా కళ్లు కూడా నా మాట వినలేదు. సాయిలత తల్లి వైపు తిరిగింది. ఏదో లెక్క తేలుతున్నట్టు ఆమె ముఖం మెల్లగా మారింది.

"బాపుయే నింపిచ్చుకోమన్నడా?"

"అన్నడు."

"సాలవ్వత్తకు చెప్పలేదా?"

"చెప్పిన. నమ్మలే."

"మరి గన్నేండ్లు గన్ని మాటలనవట్టె అమ్మా! పండుగకు అనవట్టె, పెండ్లికి అనవట్టె, మొన్న అందరి ముందట అనవట్టె. గిది ఒక్కసారి ఇనిపిస్తే నోరు మూస్తుండె గదా!"

రాజమణి బిడ్డ తల మీద చేయి వేసింది. తంబాకు వాసన కొట్టే ఆ చేతితో జుట్టు వెనక్కి తోసి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"ఆమెకు ఇనిపిస్తే, నీకు ఇననీకి ఒకసారి తగ్గుతుండె."

నేను క్యాసెట్ వెనక్కి తిప్పి, మళ్లీ పెట్టాను.